‘డా విన్సీ కోడ్’: కథ కట్టిపడేసింది గానీ, ‘వాస్తవం’ అన్న మొదటి పేజీ మింగుడుపడలేదు

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. డాన్ బ్రౌన్ రాసిన ‘డా విన్సీ కోడ్’ 2003లో వెలువడినప్పటి నుంచీ దాని గురించి వింటూనే ఉన్నాను గానీ, చదవడం మాత్రం ఇప్పుడే కుదిరింది. చదవడం ముగించాక నాలో రెండు భావాలు సమానంగా మిగిలిపోయాయి. వాటిని మీతో పంచుకుని, మీ అభిప్రాయాలు కూడా తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముగింపు గురించి మాట్లాడక తప్పదు కాబట్టి, నవల ఇంకా చదవనివారు దయచేసి గమనించగలరు.

ముందుగా నచ్చిన సంగతులు చెబుతాను. లూవ్ర్ మ్యూజియంలోని గ్రాండ్ గ్యాలరీలో వృద్ధుడైన క్యూరేటర్ జాక్ సోనియేర్ గోడ మీది కారవాజ్జో చిత్రాన్ని పట్టి లాగడంతో ఇనుప కటకటాలు కిందికి దిగే ఘట్టం దగ్గర మొదలై, పుస్తకం నన్ను వదిలిపెట్టలేదు. నూట అయిదు అధ్యాయాలున్నాయి, వాటిలో చాలావరకు కొద్ది పేజీలకు మించవు, కథంతా దాదాపు ఒక రాత్రి, ఆ మర్నాటి పగటిలో జరిగిపోతుంది. కథానాయిక సోఫీ ‘మడోన్నా ఆఫ్ ద రాక్స్’ అనే నిలువెత్తు చిత్రాన్ని గోడ నుంచి దించి, దాన్ని తనకు అడ్డంగా పెట్టుకుని, కాపలావాడు తుపాకి కింద పెట్టకపోతే మోకాలితో కాన్వాసును చీల్చేస్తానని బెదిరించే చోట రచయిత పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. ఆ కాపలావాడికి కళ మీద ఉన్న భక్తే అతని చేతులు కట్టేస్తుంది.

ఇక బాధించిన సంగతి. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగిన విశ్వాసిని. యేసుకు మగ్దలేనే మరియతో వివాహమైందని, వారి వంశం రహస్యంగా కొనసాగిందని ఒక నవలాకారుడు ఊహించినంత మాత్రాన నా విశ్వాసానికి వచ్చిన నష్టమేమీ లేదు. కానీ కథ మొదలు కాకముందే ‘వాస్తవం’ అనే శీర్షికతో ఒక పేజీ పెట్టి, ఈ నవలలోని కళాఖండాలు, కట్టడాలు, పత్రాలు, రహస్య క్రతువుల వర్ణనలన్నీ యథార్థమేనని హామీ ఇచ్చారు. ఆ హామీని నమ్మి చదివిన పాఠకుడికి, విలెట్ భవనంలో చరిత్రకారుడు సర్ లీ టీబింగ్ సోఫీకి దాని గురించి చెప్పే చరిత్ర పాఠం కల్పనగా అనిపించే అవకాశమే లేదు. పైగా హార్వర్డ్ ప్రొఫెసరైన లాంగ్డన్ పక్కనే కూర్చుని ఆ పాఠానికి వంత పాడుతూ ఉంటాడు. చివరికి ఆ టీబింగే హత్యల వెనుక ఉన్న సూత్రధారి అని తేలుతుంది, కానీ అతను చెప్పిన చరిత్ర తప్పని కథలో ఎవరూ అనరు. మనిషిని దోషిగా నిలబెట్టి, అతని మాటను మాత్రం సత్యంగా వదిలేయడం నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచింది. మీకు ఎలా అనిపించిందో తెలియజేయగలరు.

పాతపుస్తకం:

కృష్ణాతీరం గారూ, మీరు ఎత్తిచూపిన ఆ మొదటి పేజీ గురించి కొంత వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే ఈ నవల వల్ల జరిగిన అపోహలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

‘ప్రయరీ ఆఫ్ సయన్’ అనే రహస్య సమాజం 1099లో స్థాపితమైందనీ, 1975లో పారిస్ జాతీయ గ్రంథాలయంలో బయటపడిన పత్రాల్లో న్యూటన్, బొత్తిచెల్లి, విక్టర్ హ్యూగో, లియొనార్దో పేర్లు దాని సభ్యులుగా ఉన్నాయనీ ఆ పేజీ చెబుతుంది. నిజానికి ఆ పేరుతో ఒక సంఘాన్ని పియేర్ ప్లాంటార్ అనే ఫ్రెంచి వ్యక్తి తన మిత్రులతో కలిసి 1956లో, స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరున్న ఆన్మాస్ పట్టణంలో స్థాపించాడు. తాను ఫ్రాన్స్‌ను పూర్వకాలంలో ఏలిన మెరొవింజియన్ రాజుల వారసుడినని లోకాన్ని నమ్మించాలన్నది అతని కోరిక. అందుకోసం ప్లాంటార్ బృందమే ‘రహస్య దస్త్రాలు’ అనే కాగితాలను తయారుచేసి 1960లలో ఆ గ్రంథాలయానికి చేర్చింది. వాటికి తోడుగా ప్రచారంలోకి వచ్చిన పురాతన చర్మపత్రాలను ఫిలిప్ ద షెరిజే అనే అతని సహచరుడు కల్పించాడు. అంటే గ్రంథాలయంలో ఎవరో పరిశోధకుడు వెలికితీసిన పత్రాలు కావవి. మోసగాళ్లే తీసుకెళ్లి అక్కడ పెట్టినవి.

ఈ కథకు మరో కొస దక్షిణ ఫ్రాన్స్‌లోని రెన్-ల-షాతో అనే కొండ మీది పల్లెటూరిలో ఉంది. అక్కడ 1885 నుంచి పనిచేసిన బెరాంజే సోనియేర్ అనే ఫాదర్ హఠాత్తుగా ధనవంతుడయ్యాడు, చర్చిని బాగుచేయించాడు, మేడ కట్టించాడు, రాతి బురుజు లేపాడు. ఆయనకు నిధి దొరికిందని తర్వాతి కాలంలో ఒక పుకారు పుట్టింది. కానీ చర్చి అధికారుల విచారణలో తేలిందేమిటంటే, ఆయన ఊరూరా ఉత్తరాలు రాసి, చనిపోయినవారి ఆత్మల కోసం పూజలు చేస్తానని డబ్బు వసూలు చేశాడు, ఒక మనిషి చేయగలిగినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పూజలకు సొమ్ము తీసుకున్నాడు. నవలలో హత్యకు గురైన క్యూరేటర్‌కు ఆ ఫాదర్ ఇంటిపేరే పెట్టారు.

ప్లాంటార్ కల్పన నమ్మి 1982లో ముగ్గురు రచయితలు ‘హోలీ బ్లడ్ అండ్ ద హోలీ గ్రెయిల్’ అనే పుస్తకం రాశారు. యేసు, మగ్దలేనే మరియల సంతానం ఫ్రెంచి రాజవంశంలో కలిసిందన్న వాదన ఆ పుస్తకం నుంచే నవలలోకి వచ్చింది. రచయిత ఆ రుణాన్ని దాచలేదు, టీబింగ్ తన అలమరలోంచి అదే పుస్తకాన్ని తీసి సోఫీకి చూపిస్తాడు. నేను తప్పుపట్టేది ఊహను కాదు. బూటకమని ఫ్రాన్స్‌లో ఎప్పుడో రుజువైన కాగితాలకు, 2003లో ‘వాస్తవం’ అనే ముద్ర వేయడాన్ని తప్పుపడుతున్నాను.

రాత్రిపూట చదువరి:

మిత్రులు చెప్పిన వివరాలకు కృతజ్ఞతలు. అయినా ఒక నవలను ఇంత కఠినంగా విచారించడం సమంజసమేనా అన్నది నా సందేహం. చారిత్రక నవలలు రాసిన మన తెలుగు రచయితలు కూడా రాజుల నోట తాము ఊహించిన మాటలే పలికించారు, లేని పాత్రలను ప్రవేశపెట్టారు, వాటిని మనం ఆనందంగా చదువుకున్నాం. థ్రిల్లర్ చదివేవాడు ఉత్కంఠను కోరుకుంటాడు తప్ప ప్రమాణపత్రాలను కాదు. నా మట్టుకు నాకు ఈ నవలలోని లోపం వేరే చోట ఉంది. లాంగ్డన్ చివరి పేజీ దాకా మొదటి పేజీలో ఉన్న మనిషిగానే ఉంటాడు. అంతటి ప్రళయం చూసిన తర్వాత కూడా అతనిలో ఒక్క నమ్మకం కదలదు, ఒక్క భయం పుట్టదు. చివర్లో మోకరిల్లడం ఒక్కటే ఉంది, అది కూడా సంకేతం విడిపోయినందుకే.

చిత్రకళాభిమాని:

రాత్రిపూట చదువరి గారూ, చారిత్రక నవలతో మీరు చెప్పిన పోలిక కొంతవరకే నిలుస్తుంది. మన నవలాకారులు కల్పించిన సంభాషణకు ముందు ‘ఇది యథార్థం’ అనే పేజీ పెట్టలేదు. నేను బొమ్మలు వేయడం నేర్పే వృత్తిలో ఉన్నాను కాబట్టి, ఆ హామీ ఒక చిత్రం విషయంలో ఎంతవరకు నిలుస్తుందో చెబుతాను.

లియొనార్దో ‘కడరా భోజనం’ మిలాన్ నగరంలోని సాంతా మరియా దెల్లె గ్రాత్సియే మఠపు భోజనశాల గోడ మీద, సుమారు 1495–98 మధ్య వేసినది. తడి సున్నం మీద వేసే పద్ధతిని విడిచి ఆరిన గోడ మీద వేయడం వల్ల, చిత్రకారుడు బతికుండగానే రంగు రాలడం మొదలైంది. 1978 నుంచి 1999 దాకా జరిగిన పునరుద్ధరణ తర్వాత మనం చూస్తున్న దానిలో అసలు రంగు మిగిలిన భాగం తక్కువే. అటువంటి గోడ మీద ముఖకవళికలను చూసి ఇది స్త్రీ, ఇది పురుషుడు అని తీర్పు చెప్పడానికి సాహసం కావాలి.

యేసుకు కుడిపక్కన కూర్చున్నది మగ్దలేనే మరియ అని టీబింగ్ అంటాడు. నిజానికి అది శిష్యుడైన యోహాను. ఫ్లోరెన్స్ చిత్రకారులు అతన్ని సాధారణంగా గడ్డం లేని లేత యువకుడిగానే వేసేవారు. గిర్లందాయో, కాస్తాన్యో వేసిన కడరా భోజన చిత్రాల్లో కూడా అతను అలాగే కనిపిస్తాడు. ఇంతకన్నా సూటి ప్రశ్న ఒకటుంది. అది మరియ అయితే బల్ల దగ్గర యేసు కాక ఇంకా పన్నెండు మందే ఉన్నారు కదా, యోహాను ఎక్కడికి వెళ్లినట్టు?

పేతురు చేయి కత్తిలా ఆమె మెడ మీదికి వచ్చిందనీ, బల్ల దగ్గర ఎవరికీ చెందని ఒక చేయి బాకు పట్టుకుని ఉందనీ నవల చెబుతుంది. యోహాను సువార్త పదమూడో అధ్యాయం తెరిచి చూడండి. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు చెప్పగానే, ఆ మాట ఎవరి గురించో కనుక్కోమని పేతురు పక్కనున్న ప్రియ శిష్యుడికి సైగ చేస్తాడు. లియొనార్దో వేసింది సరిగ్గా ఆ క్షణాన్నే. పేతురు ముందుకు వంగి యోహాను భుజం మీద చేయి వేసి చెవిలో చెబుతున్నాడు, యోహాను అతని వైపు తల వంచి వింటున్నాడు, ఇద్దరి మధ్య నలిగినట్టు ముందుకు తోసుకొచ్చిన యూదా డబ్బు సంచి బిగించి పట్టుకున్నాడు. కత్తి ఉన్న చేయి పేతురుదే. మణికట్టు వెనక్కి మెలితిప్పి నడుముకు ఆనించుకున్నాడు కాబట్టి తొలిచూపులో తికమకగా ఉంటుంది గానీ, ఆ చేతి కోసం లియొనార్దో విడిగా వేసుకున్న అభ్యాసచిత్రం విండ్సర్ సేకరణలో ఈనాటికీ ఉంది. గెత్సేమనే తోటలో ప్రధానయాజకుని దాసుడైన మల్కు చెవి తెగనరకబోయే కత్తికి అది ముందస్తు సూచన.

ఈ చిత్రంలో ఇంత నాటకం ఉంది, ఇంత ఉత్కంఠ ఉంది. దీన్నంతా పక్కనపెట్టి, లేని రహస్యాన్ని దాని మీద అతికించడం నాకు నిజంగా బాధ కలిగించింది. అయితే నా విద్యార్థుల్లో కొందరు ఆ చిత్రాన్ని మొదటిసారి నిదానంగా చూసింది ఈ నవల చదివిన తర్వాతే అన్నది కూడా నిజం. ఆ మేలును నేను కాదనను.

ఈస్టరు వేకువ:

ఈ చర్చలో మగ్దలేనే మరియ పేరు పదేపదే వస్తున్నా, ఆమె గురించి ఎవరూ నేరుగా మాట్లాడలేదు. కథోలిక విశ్వాసినిగా, ఒక స్త్రీగా నాకు ఈ నవల మీద ఉన్న గౌరవమూ కోపమూ రెండూ ఆమె కారణంగానే.

గౌరవం ఎందుకో ముందు చెబుతాను. చర్చి ఆమెకు అన్యాయం చేసిందన్న నవల వాదనలో నిజముంది. లూకా సువార్త ఎనిమిదో అధ్యాయంలో ఆమె ఏడు దయ్యాల నుంచి విడుదల పొందిన స్త్రీగా, యేసుకు తమ ఆస్తితో ఉపచారం చేసిన స్త్రీలలో ఒకతెగా కనిపిస్తుంది. ఆమె వేశ్య అని సువార్తల్లో ఎక్కడా లేదు. 591లో పోపు మొదటి గ్రెగరీ తన ప్రసంగంలో ఆమెనూ, ఏడో అధ్యాయంలో యేసు పాదాలను కన్నీళ్లతో తడిపిన పేరు లేని పాపాత్మురాలినీ, బేతనియ మరియనూ కలిపి ఒకే స్త్రీని చేశాడు. ఆ తర్వాత పాశ్చాత్య చిత్రకారులు, ప్రసంగీకులు ఆమెను జుట్టు విరబోసుకుని ఏడ్చే పాపిగానే చూపించారు. 1969లో కథోలిక పండుగల పట్టికను సవరించినప్పుడు గానీ ఆ కలగాపులగం అధికారికంగా విడిపోలేదు. 2016లో పోపు ఫ్రాన్సిస్ జూలై 22న జరిగే ఆమె స్మరణదినాన్ని అపొస్తలుల పండుగలతో సమానమైన స్థాయికి పెంచారు. ఈ దిద్దుబాటు కోసం వేదపండితులు, ముఖ్యంగా స్త్రీలు, ఈ నవల రాకముందు నుంచీ కృషి చేస్తూనే ఉన్నారు. కానీ సామాన్య పాఠకులు ‘ఆమె వేశ్య కాదా?’ అని మొదటిసారి ఆశ్చర్యపోయింది మాత్రం ఈ పుస్తకం చేతిలో ఉన్నప్పుడే.

కోపం ఎందుకంటే, ఆమెకు న్యాయం చేస్తానని బయలుదేరిన నవల చివరికి ఆమెకు ఇచ్చిన స్థానం ఏమిటి? ఒకరి భార్య, ఒక రాజవంశానికి తల్లి. ఆమె గర్భమే ‘హోలీ గ్రెయిల్’ అనే పవిత్ర పాత్ర అని, ఆమె ఎముకలు ఎక్కడున్నాయో వెతకడమే యాత్ర అని చెబుతారు. ఆమె ఏమి మాట్లాడింది, ఏమి చూసింది అన్నది ఎవరికీ అక్కర్లేదు. మన ఊళ్లలో ఈస్టరునాడు చీకటి ఉండగానే సమాధుల తోటకు వెళ్లి ఆరాధన చేసేటప్పుడు చదివే వాక్యభాగం ఆమెదే. శిష్యులు ఇళ్లకు తిరిగి వెళ్లిపోయాక సమాధి బయట ఏడుస్తూ నిలబడిపోయింది ఆమె. తోటమాలి అనుకున్న మనిషి తనను పేరుపెట్టి పిలవగానే గుర్తుపట్టింది ఆమె. నేను ప్రభువును చూశానని వెళ్లి మగవాళ్లకు చెప్పింది ఆమె. స్త్రీ సాక్ష్యానికి అంతగా విలువ ఇవ్వని కాలంలో, పునరుత్థానానికి తొలి సాక్షిగా నాలుగు సువార్తలూ ఆమె పేరు చెబుతున్నాయి. ఎవరి భార్యగానో కాదు, ఎవరి తల్లిగానో కాదు. అపొస్తలులకే అపొస్తలురాలని పూర్వపు వేదవ్యాఖ్యాతలు ఆమెను గౌరవించింది అందుకే.

నవల అంతటా ‘దివ్య స్త్రీత్వం’ గురించి ప్రసంగాలున్నాయి. ఆ ప్రసంగాలు చేసేది మాత్రం ఇద్దరు మగ పండితులు. సంకేతలిపి నిపుణురాలైన సోఫీ నోరు తెరిచి వింటూ, మధ్యమధ్య ఆశ్చర్యపోతూ ఉంటుంది. కథ మొదట్లో పోలీసు అధికారి ఫాష్‌ను అంత తెలివిగా ఏమార్చిన అమ్మాయిని అక్కడ అలా కూర్చోబెట్టడం నాకు సహించలేదు.

రాత్రిపూట చదువరి:

ఈస్టరు వేకువ గారి వ్యాఖ్యను రెండుసార్లు చదివాను. సోఫీ విషయంలో మీ మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. ఆమె పాత్ర ఏ అధ్యాయంలో చిన్నదైపోతుందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అయినప్పటికీ ఒక మాట రచయిత పక్షాన చెప్పవలసి ఉంది. సాక్షి కథను ప్రతి ఆదివారం వింటున్నవారు కూడా ఆమె గురించి ప్రశ్న అడగలేదు. వంశం, రహస్యం, హత్య అనే దినుసులతో కథ అల్లినప్పుడే కోట్లాది మంది ఆ పేరును పట్టించుకున్నారు. థ్రిల్లర్‌కు ఉన్న బలం అది, దాని బలహీనత కూడా అదే కావచ్చు.

న్యాయవిద్యార్థి:

మన రాష్ట్రానికి సంబంధించిన ఒక సంగతిని ఇక్కడ గుర్తుచేయడం అవసరం. ఈ నవల ఆధారంగా రాన్ హోవర్డ్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం 2006 మే నెలలో విడుదలైంది. కేంద్ర సెన్సార్ బోర్డు దానికి పెద్దలకు మాత్రమే అనే ధ్రువీకరణ ఇచ్చి, ఇది కేవలం కల్పిత కథ అనే ప్రకటనతో మన దేశంలో ప్రదర్శనకు అనుమతించింది. అయినా మైనారిటీల మనోభావాలు, శాంతిభద్రతలు అనే కారణాలు చూపి కొన్ని రాష్ట్రాలు నిషేధం విధించాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ప్రదర్శనను నిలిపివేసింది. ఆ ఉత్తర్వును సవాలు చేస్తూ వేసిన పిటిషన్‌పై హైకోర్టులో జస్టిస్ గోడా రఘురామ్ 2006 జూన్‌లోనే తీర్పు చెప్పి నిషేధాన్ని కొట్టివేశారు. నిరసనలు జరుగుతాయన్న భయం ఒక్కటే భావప్రకటనను అణచడానికి కారణం కాకూడదని, శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం బాధ్యత అని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మనకు తెలిసినదే.

నేను ఆ తీర్పును మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఇక్కడ కృష్ణాతీరం గారు, ఈస్టరు వేకువ గారు చేస్తున్నట్టు, చదివి, తప్పు ఎక్కడుందో చూపించి, ఒప్పు ఎక్కడుందో ఒప్పుకోవడం ఒక విశ్వాసి ఇవ్వగల గట్టి జవాబు. 2005 మార్చిలో కార్డినల్ బెర్తోనే ఈ పుస్తకం కొనవద్దు, చదవవద్దు అని పిలుపునిచ్చారు గానీ, దానివల్ల అమ్మకాలు తగ్గలేదు. నిషేధం పుస్తకానికి లేని ఘనతను కట్టబెడుతుంది. దాచిపెట్టిన సత్యమేదో అందులో ఉందన్న అనుమానాన్ని బలపరుస్తుంది. కుట్ర కథకు కావలసింది సరిగ్గా అదే.

పాతపుస్తకం గారు ప్రస్తావించిన 1982 నాటి పుస్తక రచయితల్లో ఇద్దరు, మైకేల్ బేజెంట్, రిచర్డ్ లీ, తమ భావాలను అపహరించారంటూ ఈ నవల ప్రచురణకర్తల మీద లండన్ హైకోర్టులో దావా వేశారు. 2006 ఏప్రిల్ 7న జస్టిస్ పీటర్ స్మిత్ దాన్ని కొట్టివేశారు, మరుసటి సంవత్సరం అప్పీలు కూడా వీగిపోయింది. ఒక విషయం గమనించండి. తమ పుస్తకం చరిత్ర అని చెప్పుకున్నందువల్లే వాళ్ల వాదన బలహీనపడింది, ఎందుకంటే చారిత్రక వాస్తవాలకు, స్థూలమైన ఊహలకు ఎవరూ హక్కుదారులు కాలేరు.

గోదారిగట్టు:

నేను ఉద్యోగరీత్యా కొంతకాలం పారిస్‌లో ఉన్నాను. నవలలో హంతకుడైన సైలస్ నేల పలకలు పగలగొట్టే సెయింట్ సుల్పీస్ చర్చిలోని ఇత్తడి గీతను దగ్గరగా చూశాను. చర్చి నేల మీదుగా సన్నగా సాగి, ఉత్తరపు గోడ దగ్గర నిలువుగా ఉన్న తెల్లరాతి స్తంభం మీదికి ఎక్కుతుంది. దక్షిణపు కిటికీలో అమర్చిన రంధ్రం గుండా మధ్యాహ్నపు ఎండ పడి, ఋతువును బట్టి ఆ గీత మీద వేర్వేరు చోట్ల నిలుస్తుంది. ఈస్టరు తేదీని నిర్ణయించడానికి విషువత్తును, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజును, కచ్చితంగా తెలుసుకోవాలి కాబట్టి, 18వ శతాబ్దంలో ఆ చర్చివారే ఖగోళశాస్త్రవేత్తల చేత దాన్ని పెట్టించుకున్నారు. నవల చెప్పినట్టు అది ప్రాచీన దేవాలయపు అవశేషమూ కాదు, పారిస్ మధ్యాహ్నరేఖ (పారిస్ గుండా గీసిన రేఖాంశం) దాని మీదుగా పోదు కూడా. నవల వచ్చాక సందర్శకుల ప్రశ్నలు ఎక్కువై, ఇవి నిజం కావని చెప్పే ప్రకటన ఒకటి చర్చిలో అతికించారు. కిటికీల మీది P, S అనే రెండు అక్షరాలు రహస్య సమాజానివి కావనీ, చర్చికి పాలకులైన పేతురు, సుల్పీస్ అనే ఇద్దరు పరిశుద్ధులవనీ కూడా అందులో ఉంది.

విజ్ఞానమూ మతమూ కలిసి చేసిన పనికి ఆ గీత చక్కటి సాక్ష్యం. చర్చి ఎప్పుడూ విజ్ఞానానికి శత్రువేనని చెప్పదలచిన నవలకు మాత్రం అది పనికిరాలేదు.

లూవ్ర్ ముంగిట ఉన్న గాజు పిరమిడ్‌లో 666 పలకలున్నాయని కూడా నవల అంటుంది. 673 ఉన్నాయి.

కంటివైద్యశాల నర్సు:

ఎవరూ తాకని ఒక విషయం చెప్పాలనిపించి రాస్తున్నాను. ఈ నవలలో హంతకుడు సైలస్ ఆల్బినిజంతో, అంటే చర్మానికీ కళ్లకూ సహజమైన రంగు లేని స్థితితో, పుట్టినవాడు. అతని తెల్లటి చర్మాన్ని, ఎర్రటి కళ్లను రచయిత పదేపదే భయం పుట్టించడానికే వాడుకున్నారు. అమెరికాలో ఆల్బినిజం ఉన్నవారి సంస్థ దీనికి అప్పట్లోనే అభ్యంతరం తెలిపింది. మా దగ్గరికి అటువంటి పిల్లలు వస్తుంటారు. ఎండలో కళ్లు తెరవలేరు, బల్ల మీద బోర్లాపడినట్టు ముఖం ఆనించి గానీ అక్షరాలు చదవలేరు, నల్లబల్ల కనిపించక వెనుకబడితే తెలివి తక్కువవాళ్లన్న మాట పడతారు. ఆ పరిస్థితిలో చూపు మందగించడం దాదాపు తప్పనిది. అలాంటి మనిషి చీకట్లో గురి తప్పకుండా కాల్చడం, రాత్రిపూట కారు తోలడం సాధారణంగా జరిగే పని కాదు. అన్నీ యథార్థమని హామీ ఇచ్చిన పుస్తకం ఒక శరీరాన్ని ఇంత నిర్లక్ష్యంగా వాడుకోవడం నాకు మతసంబంధమైన తప్పులకన్నా పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

అతన్ని ఓపస్ డేయి అనే కథోలిక సంస్థకు చెందిన సన్యాసిగా చూపించడం కూడా సరికాదు. 1928లో స్పెయిన్‌లో హోసే మరియా ఎస్క్రివా స్థాపించిన ఆ సంస్థలో సన్యాసులు లేరు. సభ్యుల్లో ఎక్కువమంది ఉద్యోగాలు, సంసారాలు ఉన్న మామూలు గృహస్థులు.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. సైలస్ గురించి నర్సుగారు చెప్పినది నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఆ అధ్యాయాలు తలచుకుంటే మనసు చివుక్కుమంటోంది. పాతపుస్తకం గారిని మరో రెండు విషయాలు అడగాలని ఉంది. నైసియాలో జరిగిన బిషప్పుల మహాసభలో ఓట్లు వేసి యేసును దేవుణ్ని చేశారన్న మాట, ఎనభై సువార్తలను పక్కనపెట్టి నాలుగింటిని ఎంచుకున్నారన్న మాట మా సంఘంలోని యువకులు కూడా నిజమేనని నమ్ముతున్నారు. వాళ్లకు నేను ఏమని చెప్పాలి? ఫిలిప్పు సువార్తలో యేసు మరియను ముద్దు పెట్టుకున్నాడని నిజంగా ఉందా?

పాతపుస్తకం:

కృష్ణాతీరం గారూ, ఆ యువకులకు మీరు మొదట పౌలు పత్రికలు చూపించండి. అవి క్రీస్తుశకం 50ల నాటివి, నైసియా సభకు దాదాపు రెండు వందల డెబ్బై ఏళ్ల ముందువి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో యేసు నామమున ప్రతివాని మోకాలు వంగాలని ఉంది. యేసును దైవంగా ఆరాధించడం రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ మొదలుపెట్టిన పని కాదనడానికి అంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు. 325లో నైసియాలో జరిగిన వివాదం వేరు. కుమారుడు తండ్రితో పాటు ఆదినుంచీ ఉన్నవాడా, లేక తండ్రి చేత సృష్టించబడిన అత్యున్నతుడా అన్నది అక్కడి ప్రశ్న. రెండో పక్షాన నిలిచిన ఏరియస్ కూడా యేసును మామూలు మనిషి అనలేదు. ఓట్లు దగ్గరదగ్గరగా వచ్చాయని టీబింగ్ అంటాడు. హాజరైన దాదాపు మూడు వందల మంది బిషప్పుల్లో చివరిదాకా సంతకం చేయడానికి నిరాకరించినవారు ఇద్దరే.

బైబిలులో ఏ పుస్తకాలు ఉండాలన్నది ఆ సభ తీర్మానించలేదు. ఆ ప్రక్రియ అంతకు చాలా ముందే మొదలై, ఆ తర్వాత కూడా సాగింది. మన కొత్త నిబంధనలోని ఇరవై ఏడు పుస్తకాలు అవే వరుసలో కాకపోయినా అవే సంఖ్యలో కనిపించే పట్టిక 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టరు ఉత్తరంలో ఉంది. ఇక ఎనభై అన్న లెక్కకు ఆధారమే లేదు. మృతసముద్రం దగ్గర దొరికిన ప్రాచీన గ్రంథపు చుట్టల్లో యేసు నిజచరిత్ర ఉందని నవల అంటుంది. 1947 నుంచి దొరుకుతూ వచ్చిన ఆ చుట్టలు యూదుల గ్రంథాలు. వాటిలో సువార్త ఒక్కటి కూడా లేదు.

ఫిలిప్పు సువార్త సంగతి వేరు, అది నిజంగానే ఉంది. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర ఒక రైతు ఎరువు మట్టి తవ్వుకుంటుండగా పెద్ద మట్టికుండ దొరికింది. తోలు అట్టలు వేసిన పాపిరస్ గ్రంథాలు అందులో ఉన్నాయి. ఫిలిప్పు సువార్త వాటిలో ఒకటి. యేసు మరియను ఇతర శిష్యులకన్నా ఎక్కువగా ప్రేమించాడనీ, ఆమెను ముద్దు పెట్టుకునేవాడనీ చెప్పే వాక్యం అందులో ఉన్న మాట వాస్తవం. కానీ సరిగ్గా ఎక్కడ ముద్దు పెట్టుకున్నాడో చెప్పవలసిన చోట ఆ పాపిరస్ ఆకుకు చిల్లుపడింది. నవలలో టీబింగ్ ఏ తడబాటూ లేకుండా ‘పెదవుల మీద’ అని చదివేస్తాడు. కొందరు పండితులు కూడా ఖాళీని అలాగే పూరించారు, మరికొందరు నుదురు అనో, చేయి అనో పూరించారు. అదే గ్రంథంలో మరోచోట విశ్వాసులందరూ ఒకరినొకరు ముద్దు పెట్టుకోవడం గురించి ఉంది, అక్కడ అది ఆత్మజ్ఞానాన్ని ఒకరి నుంచి ఒకరు అందుకోవడానికి గుర్తు. ఆ గ్రంథంలో వివాహం జరిగినట్టు ఎక్కడా లేదు, సంతానం ప్రసక్తి అసలే లేదు.

దీన్ని రాసింది కూడా మరియను ఎరిగినవారు కాదు. పండితులు ఎక్కువగా దీన్ని మూడో శతాబ్దపు రచనగా లెక్కిస్తారు. మీ యువకులు ఆసక్తి చూపితే ఆ గ్రంథాన్నే తెచ్చి చదివించండి, ఇంగ్లీషు అనువాదాలు సులభంగా దొరుకుతాయి. పెద్దది కూడా కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. దాని పక్కనే యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం పెట్టుకుని చదివితే, ఏది ఎప్పటి మాటో, ఏ మాటలో మరియ మనకు మనిషిగా కనిపిస్తుందో వాళ్లే తేల్చుకోగలరు.